బిలంలో మనిషి పోతే ఎక్కడ పెడతారు? (మా ఆటలో డ్వార్ఫ్‌ల గురించి సలహా కావాలి)

హుళిమావు_పాచిక
శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. హుళిమావులో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే పాచికలు వేస్తూ అందరం కలిసి ఒక కథ నడిపే ఆట, పూర్తిగా తెలుగులోనే. ఆట నడిపించేది నేను. ఆడేవాళ్ళు నలుగురు: మా ఆయన, మా మరిది, ఆఫీసు స్నేహితులు ఇద్దరు. అత్తగారు ఆడరు. పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తూ అంతా వింటుంటారు. మాది తెనాలి. బెంగళూరు వచ్చాకే ఆవిడకి పితికిన పప్పు రుచి తగిలింది, ఇక చలికాలమంతా ఇంట్లో వేరే కూర ఉండదు.

విషయానికొస్తా. పోయిన నెల గాబ్లిన్‌లు తరుముతుంటే మా వాళ్ళు ఒక పాత సొరంగంలో రాతి స్తంభం పడగొట్టి, కప్పు కూలదోసి తప్పించుకున్నారు. మా మరిదికి పాచిక మీద ఇరవై పడింది, అంతకంటే పెద్ద అంకె లేదు, ఒకటే కేకలు. పై ఫ్లాటువాళ్ళు ఫోన్ చేసి అడిగారు, ఏమైందండీ అని. ఆ సొరంగం అవతలే డ్వార్ఫ్‌ల ఊరు, అంటే నేల కింద రాయి తొలుచుకుని బతికే పొట్టి జాతి. దానికి నేను పెద్దగా ఏమీ సిద్ధం చేసుకోలేదు. గడ్డం, గొడ్డలి, సారా, బంగారం పిచ్చి, ఎల్ఫ్‌లంటే మంట. అందరూ వాడేదే కదా, నడిచిపోతుందనుకున్నా.

నడవలేదు. ఊరి పెద్ద ఆఖరి గడియల్లో ఉన్నాడని కథలో నేనే పెట్టా. మా మరిది తాపీగా అడిగాడు: "వదినా, ఈయన పోతే వీళ్ళు కాలుస్తారా, పూడుస్తారా?"

కాలుస్తారు అన్నా. "పొగ ఎటు పోతుంది?" అన్నాడు.

సరే, పూడుస్తారు అన్నా. "చుట్టూ రాయే కదా. ఒక్క గొయ్యి తొలవాలంటే నెల పట్టేట్టుంది. అంత కష్టపడి తొలిచిన చోటు బతికున్నవాడికిస్తారు గానీ పోయినవాడికెందుకిస్తారు?"

నేను నీళ్ళు నములుతుంటే అత్తగారు తలెత్తకుండానే అన్నారు: "అమ్మాయ్, శవం లేచేదాకా మన ఇళ్ళల్లో పొయ్యి వెలిగించం కదా. మరి వాళ్ళు కొలిమి ఆర్పుతారా?"

ఆట అక్కడితో ఆపేసి టీ పెట్టా.

ఇప్పుడు మీ సాయం కావాలి. దేవుళ్ళ పేర్ల జాబితాలు వద్దు, అవి పుస్తకంలో ఉన్నాయి. నా మరుగుజ్జులకి ఒక బతుకు కావాలి. చావు, పొద్దు, తిండి, మర్యాద. నేల కింద ఉన్నారు కాబట్టే ఇలా ఉన్నారు అనిపించేవి చెప్పండి. పైనున్న ఊరిని తీసుకెళ్ళి కింద పెట్టినట్టు ఉండకూడదు.


ఇరవై_పడితే_చెప్పు
శనివారం, రాత్రి 11:58

ఇంత ఆలోచన దేనికండీ? ఈ ఆట నియమాల 2014 పుస్తకంలో డ్వార్ఫ్‌కి చీకట్లో చూపు 60 అడుగులు, 2024లో దాన్ని 120 చేశారు. ఆయుష్షు 350 ఏళ్ళు. అన్నేళ్ళు బతికేవాడికి గొయ్యి తొలవడానికి తీరిక ఉండదా? తలా ఒక ముంత సారా పోసి కథ ముందుకు తోసెయ్యండి.


హుళిమావు_పాచిక
ఆదివారం, ఉదయం 7:15

ఊళ్ళో వెయ్యిమంది ఉన్నారనుకోండి సార్. 350 ఏళ్ళ లెక్కనే ఏడాదికి ముగ్గురు పోతారు. మా ఊరి వయసు రెండు వేల ఏళ్ళని చెప్పుకున్నా. ఆరు వేల గోతులు. బతికున్నవాళ్ళకంటే పోయినవాళ్ళకే ఎక్కువ గదులు.


రీఫ్_మనవడు
ఆదివారం, ఉదయం 9:30

అక్కా, మాది కేజీఎఫ్, కోలార్ బంగారు గనుల ఊరు. ఇప్పుడు కేఆర్ పురంలో ఉండా. మీ ప్రశ్న చదివినాక ఊరుకోలేకపోయినా.

మా జేజినాయన కుప్పం పక్కనుంచి వచ్చి గనిలో చేరినాడు. మా ఊర్లో ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాట. 2001 ఫిబ్రవరి ఆఖర్లో గనులు మూసేనాటికి నాకు పదకొండేండ్లు, మా జేజినాయన దానికి మూడేండ్ల ముందే రిటైరైనాడు. శివనసముద్రం నుంచి మా గనులకు 1902లోనే కరెంటు వచ్చె. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు 1905లో. మూడేండ్లు మేమే ముందు. ఇది మా ఊరోళ్ళు ఎవురు కనబడినా చెప్పే మాట, నేనూ చెప్పేసినా, ఇంక విషయం.

మీ మరిది అడిగింది సరైన ప్రశ్న. గొయ్యి ఎందుకు తొలవాల? రాయిలో సరుకు తీసేసినాక ఖాళీ మిగుల్తుంది కదా, దాన్ని అట్లే వదిలితే కప్పు దిగుతుంది. అందుకని పైనుంచి గ్రానైటు రాళ్ళు దించి, సున్నం గిన్నం ఏమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, కప్పుకు ముట్టేదాకా కడతా ఉండ్రి. ప్యాకింగ్ అనేవాళ్ళు. నింపడం అనేది ఎట్లాగూ చెయ్యాల్సిన పని. మీవాళ్ళు మనిషిని ఆడ పడుకోబెట్టి రాళ్ళు పేరిస్తే సరిపోయె. గొయ్యి తొలిచే పనీ లేదు, చోటూ పోదు, కప్పూ నిలుస్తుంది.

ఇంకొకటి. గనుల్లో దిగే మనిషికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. షిఫ్టు ముగిసినాక ఆ బిళ్ళ దాని మేకుకు తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉండాడని లెక్క. మా జేజినాయనను ఎవురన్నా నీ పేరేమి అంటే ముందు నంబరే నోట్లోకి వచ్చేది. బ్యాంకులో కూడా ఒకసారి అట్లే చెప్పినాడు, మా నాయన నవ్వి నవ్వి చచ్చినాడు. మీవాళ్ళకు పుట్టినప్పుడు బిళ్ళ ఇయ్యండి, పేరు తరవాత పెట్టుకుంటారు.

మర్యాద అడిగినారు. లోతు గనుల్లో బరువుకు రాయి ఉన్నట్టుండి పగుల్తుంది. కింద పగిల్తే పైన మా ఇంట్లో అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. మా అవ్వ గరిటె ఎత్తి పట్టుకుని అట్లే నిలబడేది. ఇంట్లో ఎవురూ నోరు తెరిచేవాళ్ళు కాదు, చిన్నపిల్లోళ్ళు కూడా. పక్కింట్లో కూడా రేడియో ఆపేసేవాళ్ళు, అది నాకు బాగా గుర్తు. కొంచేపటికి అవ్వ మళ్ళా గరిటె తిప్పితే అప్పుడు ఊపిరి వదిలేది మేము. మీవాళ్ళ ఊర్లో పెద్దమనిషి చెయ్యెత్తినాడంటే దండం అనుకోవద్దు. రాయి ఏమో అంటా ఉంది, వినండి అని. ఆ టైములో మాట్లాడినోడికి పిల్లనియ్యరు.


నాలుగడుగుల_వాడి_అక్క
ఆదివారం, ఉదయం 10:05

ఒక చిన్న మాట. "మరుగుజ్జు" మానెయ్యండి. మా తమ్ముడి ఎత్తు నాలుగడుగులు. అయిదో తరగతిలో ఆ మాట పడలేక బడి మానేస్తానని మంచం కింద దూరాడు. వాడూ ఈ ఆటలు ఆడతాడు, బాగా ఆడతాడు. డ్వార్ఫ్‌గా మాత్రం ఛస్తే ఆడడు, ఎప్పుడూ ఆటలో ఉండే ఏడడుగుల జాతి, గోలయత్‌నే ఎంచుకుంటాడు. మీరు కథలో వాడే పేరు బయట ఎవరినో తిట్టే పేరు కాకపోతే చాలు.


హుళిమావు_పాచిక
ఆదివారం, ఉదయం 10:20

తప్పయింది అక్కా. ఆలోచించకుండా రాసేశా. ఇంకో పేరు చూస్తాను.


నైట్‌షిఫ్టు_బాబాయ్
ఆదివారం, ఉదయం 10:50

ఎలక్ట్రానిక్ సిటీలో తొమ్మిదేళ్ళుగా అమెరికా షిఫ్టు చేస్తున్నా. కిటికీకి నల్ల తెర, దాని వెనక అట్టముక్క. పొద్దు గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచాయన గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలో రెండు నెలలున్నాడు. సెప్టెంబర్ 14న బయటికి తెస్తే ఆయన లెక్కలో అది ఆగస్టు 20. పాతిక రోజులు ఎక్కడో జారిపోయాయి. కాబట్టి మీవాళ్ళకి ఒంటి లెక్క పనికిరాదు, ఊరంతటికీ కలిపి ఒక కూత ఉండాలి. కూత వేసేవాడే ఊళ్ళో అసలు అధికారి. వాడు నిద్రపోతే ఊరికి వయసు పెరగదు. ఎవడైనా రాజ్యం కాజెయ్యాలంటే సింహాసనం జోలికి పోనక్కర్లేదు, కూతగాణ్ణి పట్టుకుంటే చాలు.

తిండి సంగతి. పుట్టగొడుగులు తిని బతుకుతారని అందరూ రాసేస్తారు. లాక్‌డౌన్‌లో మా బాత్రూమ్‌లో ముత్యపు పుట్టగొడుగులు పెంచా. వాటికి చీకటి ఒక్కటే ఇస్తే సరిపోదండీ, వరిగడ్డి కావాలి. మండ్య నుంచి ఒకాయన టెంపోలో తెచ్చిచ్చిన గడ్డిమోపు ఉడకబెట్టి సంచుల్లో కుక్కాను, ఇల్లంతా పశువుల కొట్టం వాసన, మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. గడ్డికేమో ఎండ కావాలి. అంటే మీవాళ్ళు ఎంత గడ్డం నిమిరినా పైవాళ్ళ గడ్డి లేకుండా ముద్ద దిగదు. వాళ్ళ గర్వానికి కింద ఉన్న గుట్టు అదే. బంగారమిచ్చి గడ్డి కొనుక్కుంటారు, ఆ సంగతి పిల్లలకి చెప్పరు.

తుర్కియేలో డెరింకుయు అని నేల కింద తొలిచిన ఊరుంది, 85 మీటర్ల లోతు దాకా అంతస్తులు. గాలి కోసం నిలువు బావులు, లోపలివాళ్ళే దొర్లించి మూసుకునే గుండ్రటి రాతి తలుపులు. పశువుల్ని పై అంతస్తులో కట్టేవారు. మీ ఊళ్ళో గడ్డి బేరం చేసేవాళ్ళని ఆ పశువుల అంతస్తులోనే పెట్టండి. లోతున ఉండేవాళ్ళు వాళ్ళని ఎండ కంపు కొడుతున్నారంటారు. తినేది మాత్రం వాళ్ళు తెచ్చిందే.


గవిపురం_టీచరమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 3:10

పేరు వెతుకుతున్నావు కదా అమ్మాయీ, మన దగ్గరే ఉంది. భాగవతం పంచమ స్కంధంలో అతలం నుంచి పాతాళం దాకా ఏడు లోకాలనీ బిలస్వర్గాలు అన్నారు. బిలం అంటే గుహ. మీవాళ్ళని బిలంవాళ్ళు అను, ఎవరికీ నొప్పి లేదు. అక్కడ సూర్యుడు లేడు గనక పగలు, రాత్రి అన్న విభాగమే లేదు, అందుచేత కాలభయమూ లేదని ఉంది. చీకటిని పోగొట్టేది నాగుల పడగల మీది మణులు. అసురుల శిల్పి మయుడు ఉండేది తలాతలంలో. విష్ణుపురాణంలోనైతే నారదుడు పాతాళం చూసొచ్చి స్వర్గంకంటే అదే బాగుందన్నాడు. పాతాళం అనగానే నరకం అనుకోవడం మన సినిమాలు నేర్పిన అలవాటు.

నువ్వు వాడుకునే డ్వార్ఫ్‌ల పుట్టిల్లు మాత్రం ఐస్లాండ్ కథలు. 13వ శతాబ్దంలో స్నోరి స్టర్లసన్ రాసిపెట్టిన దాంట్లో ఆకాశమంటే యిమిర్ అనే రాక్షసుడి పుర్రె. దాని నాలుగు మూలల కిందా నలుగురు డ్వార్ఫ్‌లున్నారు, వాళ్ళ పేర్లే ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర. ఇంకో పాటలో ఆల్విస్ అనే డ్వార్ఫ్ ఉరుముల దేవుడు థోర్ కూతుర్ని చేసుకుంటానని వస్తాడు. అల్లుడు నచ్చని మామ తెల్లవార్లూ ప్రశ్నలు వేస్తూ కూర్చుంటాడు. తెల్లారి ఎండ లోపలికి పడేసరికి వీడు చిక్కిపోతాడు. రాయైపోయాడంటారు.

ఇప్పుడు నా సలహా. మా ఇంటికి నాలుగడుగుల్లో గవి గంగాధరేశ్వర ఆలయం, కొండ తొలిచిన గుడి. ఏటా సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్యనుంచి లోపలికి జారి లింగం మీద పడుతుంది. ఒకటే తోపులాట. నిరుడు నా పక్కన ఒకావిడ నా జబ్బ పట్టుకుని "బంతా? బంతా?" అని కన్నడంలో అడుగుతూనే ఉంది. ఆవిడకి మనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించడం లేదు, నాకూ అంతే. వచ్చిందనే చెప్పాను. మీ బిలంవాళ్ళకి ఏడాదిలో పండుగ ఆ ఒక్క రోజే. ఎండ లోపలికి వచ్చే రోజు. బాగా ముసలివాళ్ళు ఆ ఎండలో వచ్చి కూర్చుంటారు. రాయైపోతారు. వాళ్ళే స్తంభాలు. చావు సమస్యా తీరిపోయింది.


రీఫ్_మనవడు
ఆదివారం, సాయంత్రం 4:00

టీచరమ్మా, దండం. ఆ బిలం మాట బాగుంది. ఎండలో రాయైపోవడం మాత్రం సినిమా మాదిరి ఉంది. మా జేజినాయన షిఫ్టు దిగి గేటు బయటికొస్తే కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. నేను చిటికెనవేలు పట్టుకుని పక్కన నిలబడేది. ఎంతసేపో. రాయి కాలేదు, చెయ్యి దించి బీడీ ముట్టించేవాడు.

అక్కా, మీ బిలంవాళ్ళు పైకొస్తే ఎవురితోనైనా మాట్లాడేముందు అట్లా నిలబడనియ్యండి. పైనున్నోళ్ళు దాన్ని పొగరు అనుకుంటారు.


హుళిమావు_పాచిక
మరుసటి సోమవారం, రాత్రి 10:30

నిన్నటి ఆట సంగతి చెప్పాలి. ముందు మీ అందరికీ దండాలు.

పేరు బిలంవాళ్ళు. వాళ్ళు మనల్ని ఎండోళ్ళు అంటారు, అది తిట్టు. కూతగాడు ఉన్నాడు, గడ్డి బేరం ఉంది (మా ఆయన అప్పుడే అందులో లాభం లెక్కేస్తున్నాడు). ఎండ వచ్చే రోజు పండుగ ఉంచుకున్నా, రాయి కావడం తీసేశా. టీచరమ్మగారూ, కోప్పడకండి. మనిషి రాయైపోతే మిగిలినవాళ్ళకి చెయ్యడానికి పనేమీ ఉండదు. రాళ్ళు పేర్చడంలో పని ఉంది, ఎవరు ఏ రాయి మొయ్యాలన్న గొడవ ఉంది. పెద్దకొడుకు అడుగు రాయి పెడతాడు, అల్లుడు కప్పుకు తగిలే ఆఖరి రాయి బిగిస్తాడు. అల్లుడు అలిగితే కప్పు నిలవదు. మన పెళ్ళిళ్ళ సంగతి తెలిసిందే కదా.

ఊరి పెద్దని నిన్న పంపించేశా. కూత వేశారు, కొలిమిలన్నీ ఆర్పేశారు, తిత్తుల్లో గాలి తీసేసి మడిచారు. అత్తగారి మాట అలాగే వాడా. ఆచారం అన్నది ఒక కారణం, మిగిలిన గాలి వచ్చినవాళ్ళందరికీ సరిపోవాలన్నది రెండోది. సమ్మెట తలకిందులుగా నిలబెట్టారు. తవ్వేసిన ఒక గదిలో ఆయన్ని పడుకోబెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చుకుంటూ కప్పు దాకా వెళ్ళారు. ఛాతీ ఎత్తులో ఒక రాయికి గుంట చేసి, ఆయన ఇత్తడి బిళ్ళ అందులో పొదిగారు. ఇంటిపేరు ఆ స్తంభాన్ని బట్టే. మీదే ఇల్లు అని అడగరు, మీవాళ్ళు ఎక్కడ మోస్తున్నారు అని అడుగుతారు. టీచరమ్మగారు చెప్పిన, ఆకాశం మూలల కింద ఉన్న ఆ నలుగురూ, కేజీఎఫ్ తమ్ముడి ప్యాకింగూ కలిపితే వచ్చిందిది.

నేను వర్ణించడం అయిపోయింది. పాప్‌కార్న్ గిన్నెలో మా మరిది చెయ్యి ఆగిపోయింది.

"వదినా. పోయిన నెల మనం పడగొట్టింది..."

నిజం చెప్పాలంటే నేనూ అప్పటిదాకా ఆ సంగతి అనుకోలేదు. కానీ ముఖం మార్చకుండా కూర్చున్నా. నోట్స్ తిరగేసినట్టు నటించి, "ఛాతీ ఎత్తులో ఏదో మెరిసిందని అప్పుడు చెప్పాను కదా" అన్నా. చెప్పలేదు. ఎవరికీ గుర్తులేదు కాబట్టి చెప్పినట్టే. మా ఆఫీసు అమ్మాయి తన క్యారెక్టర్ షీట్ తీసి చూపించింది: ఆ రోజు శిథిలాల్లో దొరికిన "పాత నాణెం, ఒకటి" అని రాసుకుంది. అది మాత్రం నిజంగా రాసి ఉంది! దాన్ని సంతలో అమ్మి తాడు కొనుక్కున్నారు.

అత్తగారు గింజలు పిసకడం ఆపి, "ఎవరి తాతనో కూలదోసి, ఆయన బిళ్ళ అమ్ముకొచ్చార్రా" అన్నారు.

వచ్చే ఆదివారం బిలంవాళ్ళ పంచాయితీ. ఆ స్తంభం ఇంటివాళ్ళు వస్తారు, పదకొండుమంది. దీనికి వాళ్ళ కట్టుబాటు ఎలా ఉండాలంటారు? తల తియ్యడం, చెరసాల లాంటివి వద్దు.


రీఫ్_మనవడు
సోమవారం, రాత్రి 10:55

ఏముందక్కా, పడగొట్టినోడే రాళ్ళు మోసి మళ్ళా పేర్చాల. కప్పుకు ముట్టేదాకా ఊరు దాటి పోకూడదు. బిళ్ళ ఎవురికి అమ్మినారో ఆ ఎండోణ్ణి పట్టుకుని ఎంతడిగితే అంతిచ్చి తెచ్చుకోవాల. ఆఖరి రాయి మటుకు వాళ్ళింటి అల్లుడే పెడతాడు, మీవాళ్ళను ముట్టనియ్యడు.


ఇరవై_పడితే_చెప్పు
సోమవారం, రాత్రి 11:20

రాయి మొయ్యడానికి బలం పాచిక, 15 దాటాలి. ఒక్కో రాయికి ఒక్కోసారి. మూడుసార్లు తప్పితే పేర్చిందంతా కూలుతుంది, మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇంతకీ ఆ అల్లుడు అలిగి ఉన్నాడా, లేదా? దాన్ని బట్టి ఇంకో పాచిక వెయ్యాల్సి ఉంటుంది.